మడమ మీద జీడి మచ్చ

మా వదినె పాదాలు పెద్దవి. మనిషి చూస్తే సన్నగా, పొట్టిగా, గాలి వీస్తే పక్కింటి గోడకు ఆనుకునేటట్టు ఉండేది. పాదాలు మాత్రం మా అన్న చెప్పుల్లో పట్టేవి కావు. నాటు వేయడానికి మడిలో దిగినప్పుడల్లా నాకు నోరు ఆగేది కాదు.

"ఓ వదినె, నువ్వు జర అటు నుంచి ఇటు ఒక్కసారి నడువు. ట్రాక్టర్‌ను వాపస్ పంపుదాం."

"నీ నోరు మడిల పెడితే పచ్చి నారు గూడ ఎండిపోతది, ముందు దాన్ని మూసుకో పిల్ల."

ఆటోలో పన్నెండు మందిమి పోయేవాళ్ళం. మా మాటలకు ఆటో డ్రైవర్ కూడా పాటలు బంద్ చేసి వినేవాడు. నన్ను అదే ఊళ్ళో, మా అమ్మగారింటికి రెండు సందుల అవతల ఇచ్చారు. అందుకని వదినె నాకు పెళ్ళికి ముందూ వదినెనే, పెళ్ళి తర్వాతా పొద్దున లేస్తే కనిపించే వదినెనే. ఊరు చిట్యాలకు దగ్గర. మా రెండిళ్ళకూ చెప్పుకోదగ్గ భూమి లేదు, కైకిలి పనే, ఏ రోజు కూలి ఆ రోజుకే. బడిలో పిల్లలను నవ్విస్తున్నానని సారు నన్ను రోజూ బయట నిలబెట్టేవాడు. అట్లా బయట నిలబడీ నిలబడీ ఆరో తరగతిలో ఒకనాడు అటు నుంచి అటే ఇంటికి వచ్చేశాను. మళ్ళీ పోలేదు.

రాష్ట్రం వచ్చాక మా వైపు మోటర్లకు కరెంటు సరిగ్గా రావడం మొదలైంది. అంతకుముందు పత్తి, కంది వేసినవాళ్ళు కూడా వరికి దిగారు. మాకు నాట్ల పని పెరిగింది. చెప్పులు గట్టు మీద విడిచి పొద్దున మడిలో దిగితే సాయంత్రం దాకా పాదం అనేది మాకు కనిపించేది కాదు. బురద, ఆ బురద ఎండిన తోలు, ఆ తోలులో పగుళ్ళు. ఇంటికొచ్చి బండ మీద రుద్ది కడిగితే పైపైన పోయేది. ముఖానికి అద్దం ఉంది, పౌడరు ఉంది. అరికాలిని ఎవరు చూసుకుంటారు?

ఆ సంవత్సరం వానకాలం నాట్లలో, గట్టు దిగుతూ వదినె సర్కారు తుమ్మ ముల్లు తొక్కింది. కుడి మడమలో దిగి విరిగింది. నా పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి, అక్కడే గట్టు మీద ఆమె కాలు నా ఒళ్ళో పెట్టుకుని తవ్వి తీశాను. మా గుంపులో ముళ్ళు తీసేది నేనే. చెయ్యి తేలిక అని పేరు. నిజానికి చెయ్యి ఆడినంతసేపు నోరు కూడా ఆడుతుంది కాబట్టి వాళ్ళకు నొప్పి తెలిసేది కాదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి జీడి పెట్టాను. మా వైపు ముల్లు దిగిన చోట జీడి పెట్టడం మామూలే. నల్లజీడి గింజను దబ్బనానికి గుచ్చి దీపం మీద పట్టుకుంటే చురచురమని నల్లటి నూనె కారుతుంది. ఆ నూనె బొట్టు వేడివేడిగా పుండు మీద అద్దుతారు. చీము పట్టదని నమ్మకం. అద్దిన చోట తోలు కాలి, నల్లటి మచ్చ పడుతుంది. బట్టలుతికే వాళ్ళు ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి గుర్తు పెట్టేది కూడా ఈ జీడి నూనెతోనే. బట్ట చినిగిపోతుంది గానీ ఆ గుర్తు పోదు.

మా తప్పంతా అక్కడే ఉంది. బట్ట మీద పోనిది తోలు మీద కూడా పోదనుకున్నాం.

ఇరవై రోజులకు కాలిన తోలు పొట్టులాగా లేచి ఊడిపోయింది. కింద గులాబి రంగు కొత్త తోలు వచ్చింది. మధ్యలో మాత్రం సెనగగింజంత నలుపు అట్లనే ఉంది. వదినె కాలు మడిచి చూపించింది.

"ఇదేందే, పోలే?"

"జీడి మరక ఎట్ల పోతది? నిన్ను మా అన్నకు గుర్తు పెట్టిచ్చిన. ఇగ ఎవలింట్ల కలిసినా వాపస్ తెచ్చిస్తరు."

నవ్వింది. నేనూ నవ్వాను. పని అయిపోయింది అనుకున్నాం.

ఆ చలికాలంలో ఆశా వర్కర్ ఇంటింటికీ వచ్చింది. కుష్ఠు రోగం సర్వే. ఒంటి మీద స్పర్శ లేని మచ్చలు ఉన్నాయా అని అడుగుతూ తిరుగుతోంది. వదినె నవ్వులాటకన్నట్టు మడమ చూపించింది. ఆమె వదినెను కళ్ళు మూసుకోమని, పెన్ను మొనతో ఆ నలుపు మీద తాకింది.

"తెలుస్తుందా అక్కా?"

"తెల్వకేంది, గుచ్చుతున్నవ్ గద."

"స్పర్శ ఉన్నది. ఇది మా రోగం కాదు. అయినా నల్లగున్నది, ఒకసారి దవాఖానల సూపియ్యి."

మాకు మొదటి మాట ఒక్కటే వినిపించింది. స్పర్శ ఉంది. స్పర్శ ఉంటే భయం లేదు. మచ్చ అంటే మొద్దుబారిన మచ్చే చెడ్డదని మా ఊళ్ళో అందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. ఇంకో రకం మచ్చ ఉంటుందని, అది అన్నీ తెలుస్తూనే లోపలికి పోతుందని ఎవరికి తెలుసు? ఆ రోజు ఆటోలో ఒక అవ్వ, అరికాలిలో మచ్చ ఉన్నవాళ్ళు దేశాలు తిరుగుతారని చెప్పింది.

"నాకు చిట్యాల దాటుడే గగనం, దేశాలు యాడియి?" అంది వదినె.

పత్తి ఏరే రోజులకు ఆ మచ్చ రూపాయి బిళ్ళంత అయింది. అంచు గుండ్రంగా లేదు. తడి కాగితం మీద సిరా పడితే ఎట్లా పాకుతుందో అట్లా ఒక పక్కకు పాకింది. ఒకవైపు కారు నలుపు, ఒకవైపు చాయ నీళ్ళ రంగు, మధ్యలో నీలం కలిసినట్టు. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు చూసినా చూడలేదు. ఒకచోట చిన్న బుడిపె లేచి తడిగా ఉండేది. చెప్పుకు అంటుకుని, సాయంత్రం విడిచేటప్పుడు పొర ఊడి నెత్తురు వచ్చేది. చెప్పులో పాత చీర ముక్క మడిచి పెట్టుకుని నడిచేది.

"ముల్లు మొన లోపల్నే ఉన్నట్టుంది పిల్ల. మల్లోసారి పెట్టు."

మళ్ళీ పెట్టాను. రెండోసారి కూడా నా చేత్తోనే. ఈసారి ఆమె పళ్ళు బిగబట్టుకుంది. నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు, ఆమె నొప్పిలోనే ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మాత్రం గుర్తుంది.

పుండు ఆరలేదు. వేపాకు, పసుపు నూరి కట్టాం. ఆరలేదు. ముల్లు దిగిన నాటి నుంచి ఏడాది దాటింది. మళ్ళీ నాట్లు వచ్చినప్పుడు వదినె మడిలో దిగలేకపోయింది. ఒక కాలు గట్టు మీద పెట్టి, ఒక కాలు మడిలో పెట్టి అట్లనే కాసేపు నిలబడి, నారు కట్ట కింద పెట్టేసింది. ఆమె పని మానడం నేను అదే మొదటిసారి చూశాను. అన్న మరునాడు బండి మీద చిట్యాల సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. నేను వెనక ఆటోలో పోయాను.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. మా ఇంటి పిల్లలాగే ఉంది. వదినెను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఫోన్ లైటు వేసి మడమ చూసింది. చాలాసేపు చూసింది. రెండో కాలు చూసింది. గోళ్ళు, వేళ్ళ సందులు చూసింది. తర్వాత వదినెను వెల్లకిలా తిప్పి తొడ మొదట్లో వేళ్ళతో నొక్కింది. పుండు మడమకైతే తొడ దగ్గర ఏం వెతుకుతోందా అనుకున్నాను.

"ఎన్ని రోజులైందమ్మా?"

"పోయిన నాట్లల్ల ముల్లు దిగింది మేడం. జీడి పెడితే మరక పడ్డది. గా మరకనే పుండైంది."

"జీడి మరక తోలు మీద నెల గూడ ఉండదు. కాలిన తోలు రాలినప్పుడు దాంతోనే పోవాలె. పోలేదంటే అది మరక కాదు."

అంత చిన్న మాట. ఆరో తరగతి చదివిన దానికి కూడా అర్థమయ్యే మాట. తోలు రాలిన రోజున, ఆ కాలు నా కళ్ళ ముందరే ఉన్నప్పుడు, నేను ఆ మాట అనుకోవలసింది. దానికి బదులు జోకు వేశాను.

"జీడి ఎవరు పెట్టిండ్రు?" అని అడిగింది డాక్టరమ్మ. ఊరికే రాసుకోవడానికే అడిగింది. మా అన్న అక్కడే, తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"నేనే పెట్టుకున్న మేడం," అంది వదినె.

తన మడమ మీద తనే ఎట్లా పెట్టుకుందని ఎవరూ అడగలేదు. నేను నోరు తెరవలేదు. భయమో, సిగ్గో కూడా అనిపించలేదు. చేతులు నావి కానట్టు రెండు పక్కలా వేలాడుతున్నాయి. గోడ మీద టీకాల బొమ్మ ఉంటే దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆ బొమ్మలో పిల్లకు రెండు జడలు ఉన్నాయి.

డాక్టరమ్మ పట్నంలోని పెద్ద దవాఖానకు చీటీ రాసింది. ముక్క తీసి పరీక్ష చేయాలని చెప్పింది.

"ముక్క తీస్తే ఒళ్ళంత పాకుతదంటరు గద?" అన్నాడు అన్న.

"తీయకుంటే పాకుతది అన్నా. వారం గూడ ఆగొద్దు."

ఆగలేదు. రెండో రోజే పోయాం. ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా వదినె ఇంట్లో ఎప్పటిలాగే రొట్టెలు చేసింది, పేడ ఎత్తింది, కుంటుతూనే. ఆ ఫలితం ఇచ్చిన పెద్ద డాక్టరు నెమ్మది మనిషి. చెప్పాల్సింది అన్నకు, వదినెకు ఇద్దరికీ కలిపే చెప్పాడు.

"ఇది తోలుకు వచ్చే క్యాన్సర్. మనది నల్ల తోలు, మనకు రాదనుకుంటం. మనసోంటోళ్ళకు ఇది ఎక్కువగ ఎండ తగలని తాన్నే వస్తది. అరికాలు, అరచెయ్యి, గోర్ల కింద. అందుకే ఎవ్వరు చూడరు."

వాళ్ళు కాగితాల మీద వేలిముద్రలు, సంతకాలు పెడుతుంటే నేను వెనక ఉండి ఆయన్ను అడిగాను. "సారూ, జీడి పెడితే వచ్చిందా ఇది?"

ఆయన నా ముఖం చూశాడు. నేనే పెట్టానని ఆయనకు తెలిసిందనుకుంటాను.

"జీడి వల్ల వచ్చిందని చెప్పలేనమ్మా. ముల్లు దిగకముందే చిన్న చుక్క ఉండొచ్చు. బురద కాలు మీద ఎవరు గుర్తుపడతరు. కానీ జీడి మరకే అనుకొని ఏడాది పోయింది. గా ఏడాదే నష్టం."

అంటే నేను చంపలేదు, ఆలస్యం చేశాను. అప్పుడు నాకు ఏడుపు రావాలి. రాలేదు. వచ్చేటప్పుడు బస్సులో చౌటుప్పల్ దాటాక నా నోరు దానంతట అది మొదలుపెట్టింది. కండక్టర్ మీసాల మీద ఏదో అన్నాను. వదినె నవ్వింది. ముందు సీట్లో అన్న వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

ఆపరేషన్‌లో మడమ తోలు, దాని కింది కండ చుట్టూ వెడల్పుగా తీసేశారు. తొడ మీది తోలు తెచ్చి అక్కడ వేశారు. కాలి రోగం ముందు అక్కడికే పాకుతుందట, తొడ మొదట్లో గడ్డలు కూడా తీశారు. నడుముకు మత్తు సూది ఇచ్చారు కాబట్టి వార్డులోకి తెచ్చేసరికి వదినెకు మాట ఉంది, కాళ్ళు లేవు.

"పిల్లా, నా కాళ్ళు యాడున్నయే?"

"మంచం మీదనే ఉన్నయి."

"చూసి చెప్పు."

దుప్పటి ఎత్తి చూశాను. ఒకటి కట్టుతో, ఒకటి ఉత్తగా. "రెండున్నయి వదినె."

"రెండు నాయేనా?"

"గంత పెద్దయి ఇంకెవలికుంటయి?"

కళ్ళు మూసుకుని నవ్వింది. నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. ఆమె బొటనవేలిని గిల్లి చూశాను. ఆమెకు తెలియలేదు. నా వేలిని గిల్లుకున్నాను. నాకు తెలిసింది, కానీ అంతవరకే.

తొడ దగ్గర తీసిన గడ్డల్లో ఒకదానిలో రోగం ఉందని రిపోర్టు వచ్చింది. నెలకోసారి పట్నం పోయి సూదులు వేయించుకోవాలి. ఇంట్లో అన్నకు కోపం ఎటు పోవాలో తెలియక వదినె మీదకు పోయేది.

"నువ్వే కాల్చుకుంటివి గదనే. ఒక్కసారి నాకు చూపెడితే పోయేది గద. జీడి, జీడి అని రెండుసార్లు కాల్చుకుంటివి."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది. తల ఎత్తేది కాదు. నేను గడపలో కూర్చుని వినేదాన్ని. ప్రతిసారీ చెబుదామని నోటి దాకా వచ్చేది. ప్రతిసారీ ఇంకేదో మాట దానికి అడ్డం వచ్చేది. ఒకరోజు అన్న బయటికి పోయాక అడిగాను.

"ఎందుకట్ల చెప్పినవ్ వదినె, నువ్వే పెట్టుకున్ననని?"

"మీ అన్న సంగతి నీకెర్క లేదా? నిన్ను గడప తొక్కనియ్యడు. నువ్వు రాకుంటె నన్ను నవ్విచ్చెటోళ్ళెవలే?"

అంతే. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు. కొన్నాళ్ళకు అన్న తిట్టడం కూడా మానేశాడు. ఆమె చిక్కిపోతుండటం చూసి జాలిపడ్డాడనుకున్నాను.

ఆ రోజుల్లోనే నేను మా గుంపు ఆడవాళ్ళ కాళ్ళు చూడటం మొదలుపెట్టాను. పని దిగాక బోరు దగ్గర కాళ్ళు కడుక్కున్నవాళ్ళను ఊరకనే పోనిచ్చేదాన్ని కాదు. గట్టు మీద కూర్చోబెట్టి అరికాలు, మడమ, వేళ్ళ సందులు, గోళ్ళ కింద చూసేదాన్ని. నేను డాక్టర్ను కాను. నాకు తెలిసింది ఇంతే, దవాఖానలో విన్నది. పెరిగే మచ్చ, అంచు సక్కగా లేని మచ్చ, రెండు మూడు రంగులున్న మచ్చ, నెత్తురొచ్చే మచ్చ, నెల దాటినా ఆరని పుండు. పాత కాలిన మచ్చ మళ్ళీ పుండైనా సరే. గోరు కింద నల్లటి గీత దిగి, దెబ్బ తగలకుండానే పెద్దదైతే అది కూడా. మందు పెట్టొద్దు, కాల్చొద్దు, కోయొద్దు, ముందు చూపించాలి. ఇద్దరు ముగ్గురు నాట్లకు మోకాలి దాకా వచ్చే రబ్బరు సాక్సులు కొన్నారు. ముల్లు దిగకుండా అవి కాస్త ఆపుతాయి, మచ్చ రాకుండా ఆపుతాయని చెప్పలేను. ఒకామె కాలి మచ్చకు నేను పోరి పోరి దవాఖానకు పంపితే ఉత్త ఆనెకాయ అని తేలింది. వారం రోజులు నన్ను అందరూ ఒక ఆట ఆడుకున్నారు. ఆడుకోనీ అనుకున్నాను.

వదినె ఆపరేషన్ తర్వాత రెండు వానకాలాలు చూసింది. రెండోదాని చివర్లో దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. సూదులు మార్చారు. తర్వాత ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఇంటికి తెచ్చిన పదకొండో రోజు పొద్దున, నేను ఆమెకు గ్లాసులో చాయ చల్లారుస్తుండగా పోయింది. నేను ఇంకో రెండుసార్లు చాయ చల్లార్చాను. తర్వాత గ్లాసు కింద పెట్టాను.

దినాల్లో అందరూ ఏడ్చారు. నేను వంట దగ్గర ఉన్నాను. వచ్చిన చుట్టాలు నన్ను చూసి గుసగుసలాడారు, ఎప్పుడూ నవ్వించే మనిషి కదా, ఏడవడం కూడా రాదేమో అని. వాళ్ళ తప్పు లేదు. నాకే తెలియలేదు.

నెల దాటాక అన్న ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొలం నుంచి అప్పుడే వచ్చాడు, కాళ్ళు ఇంకా కడుక్కోలేదు. పక్కన కూర్చున్నాను. ఈసారి అడ్డం రావడానికి ఏ జోకూ లేదు.

"అన్నా, జీడి పెట్టింది నేను. రెండుసార్లు నేనే. వదినె నన్ను కాపాడనీకి గట్ల చెప్పింది."

అన్న నా వైపు చూడలేదు.

"నాకెర్కే," అన్నాడు. "ఆపరేషన్ అయినంక కొన్నొద్దులకు ఆమెనే చెప్పింది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

"మరి నన్నేం అనలే?"

"ఏమంటం? ఆమెను అన్ని దినాలు అంటినే, గదే కడుపుల ఉన్నది నాకు."

వీధిలో పాల వ్యాను పోయింది. తర్వాత అన్న వంగి, చెంబులోని నీళ్ళు రెండు పాదాల మీద పోసుకున్నాడు. కుడి కాలు ఎత్తి అరుగు మీద, నా ముందర పెట్టాడు.

"చూడు," అన్నాడు.

ముందుకు జరిగి ఆ కాలిని ఒళ్ళోకి తీసుకున్నాను. మడమ, అరికాలు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద. తర్వాత ఎడమ కాలు. వెలుగు చాలలేదు. ఫోన్ లైటు వేసి మళ్ళీ మొదటి నుంచి చూశాను.